పల్నాడు పెరటి పాదులు

మార్చి దాటితే రెంటచింతల ఎండ పేపర్లకెక్కుతుంది. నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. అలాంటి నేలమీద, మిరప కోతలు ముగించుకొచ్చిన ఆడవాళ్లు పెరట్లో బీర, సొర, పొట్ల పాదులు పెంచే తీరు నాకు గొప్ప విద్యగా కనిపిస్తుంది. గుంట తీసి పశువుల ఎరువు కలుపుతారు, అంట్లు కడిగిన నీళ్లు అటే మళ్లిస్తారు. పాదు మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తడి త్వరగా ఆరదు. తీగకు కందికంపే ఆసరా. పురుగు కనబడితే, పొద్దున్నే ఆకు తడిగా ఉండగానే బూడిద చల్లుతారు.

పొట్లకాయ వంకర తిరగకుండా కొనకు రాయి కట్టే నేర్పంటే నాకు మరీ ఇష్టం. బరువు ఎక్కువైతే పిందె తెగుతుంది, తక్కువైతే కాయ చుట్టుకుపోతుంది. ఆ తూకం వాళ్ల వేళ్లకే తెలుసు. కాయలు లేతగానే కోస్తారు, కోసేకొద్దీ తీగ మళ్లీ పిందె వేస్తుంది. ఒక మంచి కాయను మాత్రం విత్తనానికని తీగకే ఎండనిస్తారు.