‘పూర్ణ’ సినిమాను కొండ మీద నుంచి చూస్తే

రాహుల్ బోస్ తీసిన ‘పూర్ణ’ సినిమా 2017 మార్చి 31న విడుదలైంది. పట్నం థియేటర్లు దాన్ని ఎప్పుడో మరిచిపోయి ఉంటాయి. మా ఆశ్రమ పాఠశాలల్లో మాత్రం అది ఇంకా ఆడుతూనే ఉంది. మహిళా దినోత్సవం వచ్చినా అదే, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వచ్చినా అదే. ప్రొజెక్టర్ ఉంటే గోడ మీద, లేకపోతే ల్యాప్‌టాప్ చుట్టూ నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి చూపిస్తాం. ఇన్నిసార్లు చూపించే సినిమా గురించి మనలో మనం ఒక్కసారైనా నిదానంగా మాట్లాడుకోవాలి కదా. మంచి సినిమా అని ఊరుకుంటే సరిపోదు.

కథ అందరికీ తెలిసిందే. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి గిరిజన బాలిక మాలావత్ పూర్ణ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో అప్పటికి లేదు. తోడుగా ఎక్కినవాడు ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. వాళ్ళను పంపింది గురుకులాల కార్యదర్శిగా ఉన్న పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. శిక్షణ ఇచ్చింది శేఖర్ బాబు బచినేపల్లి. సినిమాలో పూర్ణగా అదితి ఇనామ్‌దార్ నటించింది. ప్రవీణ్ కుమార్ పాత్ర దర్శకుడే వేశాడు.

ముందు బాగున్నది చెప్పుకుందాం. ఈ సినిమాలో మాకు బాగా నచ్చిన భాగం మంచు కాదు, హాస్టల్ అన్నం. గురుకులంలో పెట్టే తిండి బాగోక పిల్ల పారిపోవడం, అధికారి వచ్చి ఆ తిండి సంగతి పట్టించుకోవడం కథలో ఒక మలుపు. కొండలెక్కే సినిమాల్లో ఇది ఎవరూ చూపించరు. శిఖరం మీద జెండా పాతే కాళ్ళకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? పప్పులోంచి, గుడ్డులోంచి, రాత్రి సరిగ్గా పట్టిన నిద్రలోంచి. హాస్టల్లో పనిచేసిన ప్రతి టీచరుకూ తెలిసిన సంగతి ఇది. అక్క వరసైన ప్రియ కథ కూడా అంతే. ఇద్దరూ ఒకే ఊరి పిల్లలు, ఒకే రకం కాళ్ళు. ఒకరిని బడికి పంపారు, ఇంకొకరికి చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. ప్రియ చనిపోతుంది. తరగతిలో ఆ చోటికి వచ్చేసరికి ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు కోసమైనా ఈ సినిమా చూపించాలి.

మా పేచీ ఇక్కడ మొదలవుతుంది. పూర్ణ నడిచిన నడకకు ఈ సినిమా ఎప్పుడు విలువ కట్టింది? భువనగిరి ఏకశిల దగ్గర బయటివాళ్ళు చూశాక. అంతకు ముందు ఊళ్ళో ఆమె నడిచినదంతా పేదరికం ఖాతాలోకి పోయింది. చెప్పుల్లేని కాలు కనిపిస్తే జాలి, అదే కాలికి బూటు తొడిగితే చప్పట్లు. దర్శకుడికి ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ పల్లె నుంచి శిఖరానికి ఒకే దారి గీసింది, పైకి పోయే దారి. మన దగ్గర దారులన్నీ పైకే పోవు. సంతకు దిగుతాయి, పోడుకు ఎక్కుతాయి, ఊట దగ్గర ఆగుతాయి.

భాష సంగతీ అంతే. నిజామాబాద్ తండా పిల్ల, గురుకులం వార్డెన్, పక్కింటివాళ్ళు అందరూ హిందీలో మాట్లాడతారు. దేశమంతా చూడాలంటే హిందీలోనే తీయాలంటారు, కావచ్చు. మా దగ్గర కువి మాట్లాడే పిల్లలూ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలూ బడిలో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులో మేము చెప్పే తాత్పర్యంతో ఈ హిందీ సినిమా చూస్తారు. వాళ్ళలాంటి పిల్ల కథ వాళ్ళకు చేరేసరికి మూడు భాషలు దాటాల్సి వస్తోంది.

ఇంకొక పెద్ద లోటు ఉంది. సినిమా చూసి లేచాక ఒక్క షెర్పా పేరైనా మనకు గుర్తుంటుందా? పూర్ణ ఎక్కిన ఏడాదే, ఏప్రిల్ 18న, ఎవరెస్ట్ నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలే. వాళ్ళు శిఖరానికి పోతున్నవాళ్ళు కాదు. పోయేవాళ్ళ కోసం సామాను మోస్తున్నవాళ్ళు, దారి సిద్ధం చేస్తున్నవాళ్ళు. పూర్ణ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కింది కాబట్టి ఆ దారిలో లేదు. షెర్పాలు కూడా కొండవాళ్ళే, మనలాంటివాళ్ళే. ఒక గిరిజన పిల్ల గెలుపు చెప్పే కథలో ఇంకో కొండజాతి మోత వెనక్కి పోవడం మాకు మింగుడు పడలేదు. 1953లో టెన్జింగ్ నార్గే పేరు నిలిచిందంటే అతను చివరి అడుగు దాకా వెళ్ళాడు కాబట్టి. సగం దారిలో బరువు దించి వెనక్కి తిరిగినవాడి పేరు ఏ పుస్తకంలో ఉంది?

ఇదంతా హిమాలయాల సంగతి, మనకెందుకని అనుకోవద్దు. చలికాలం వస్తే పాడేరు దగ్గర వంజంగి కొండకు తెల్లవారకముందే వందల బళ్ళు వస్తున్నాయి. కింద పరుచుకున్న మబ్బుల్ని పైనుంచి చూడటానికి. అరకులో గాలికొండ, అనంతగిరి, బొర్రా వైపు కూడా ట్రెక్కింగ్ అంటూ పట్నం యువకులు వస్తున్నారు. తారు రోడ్డు మీద కాకుండా అడవి కాలిబాటల్లో పరిగెత్తితే దాన్ని ట్రయల్ రన్నింగ్ అంటారు. తాడు లేకుండా, కింద పరుపు వేసుకుని పెద్ద బండలు ఎక్కితే బౌల్డరింగ్ అంటారు. మంచి ఆటలే. మన పిల్లలకు నేర్పాల్సిన ఆటలు కూడా. మా గొడవ ఆట మీద కాదు, దాని గురించి రాసే మాటల మీద. ‘ఎవరూ అడుగుపెట్టని అడవి’, ‘కొండను జయించాం’ అని రాస్తారు. ఆ అడవిలో ఎవరో ఒకరు అడుగుపెట్టబట్టే అక్కడ కాలిబాట ఉంది. బాట దానంతట అది పడదు.

అదే బాటలో వానాకాలం ఒక గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. కర్రకు దుప్పటి కట్టి, భుజాలు మార్చుకుంటూ, జారే రాళ్ళ మీద పరుగులాంటి నడకతో రోడ్డు దాకా తెస్తారు. కొందరు మంచి మనసుతోనే దీన్ని కూడా సాహసం అంటున్నారు. ఆ మాట మాకు వద్దు. అక్కడ ఉండాల్సింది రోడ్డు. సాహసమంటే ఇష్టపడి చేసేది, వద్దనుకుంటే మానుకోగలిగేది. పూర్ణ చేసింది సాహసం. డోలీ మోసినవాడికి మానుకునే వీలు ఎక్కడిది? ఈ తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పకపోతే వాళ్ళు రెంటికీ ఒకటే చప్పట్లు కొడతారు.

ప్రపంచంలో ఇంకో చోట కూడా ఇలాగే జరిగింది. మెక్సికో కొండల్లో రరామురి అనే ఆదివాసులున్నారు, దూరపు పరుగుకు పేరు పొందినవాళ్ళు. 2009లో ఒక అమెరికా రచయిత వాళ్ళ పరుగు గురించి పుస్తకం రాశాక పట్నాల్లో వాళ్ళ మాదిరి చెప్పులు, పలచటి బూట్లు ఫ్యాషన్ అయ్యాయి. 2017లో మారియా లొరేనా రమీరెజ్ అనే రరామురి యువతి లంగా, చెప్పులతోనే 50 కిలోమీటర్ల పరుగు గెలిచింది. లోకం ఆమె చెప్పుల్ని చూసి ఆశ్చర్యపోయింది. పశువుల్ని కాస్తూ రోజూ ఎన్ని కొండలు తిరిగిందో అడిగినవాళ్ళు తక్కువ.

మన రాయి కథ మరీ విచిత్రం. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఒక రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఖొండు, అంటే కోందు జాతి పేరే. బాక్సైట్ కోసం మన కొండల్ని తవ్వాలని చూసినవాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు, బాక్సైట్ ఆ రాయి శిథిలమైన చోటే ఏర్పడుతుంది కాబట్టి. సొంత జాతి పేరున్న రాయి మీద కూర్చుని చదువుకుంటున్న మన పిల్లలకు మాత్రం ఆ సంగతి ఏ పాఠమూ చెప్పదు. అన్నట్టు, శిథిలమైన ఖొండలైట్ పట్టుకుంటే పెళుసుగా ఊడి వస్తుంది. భువనగిరి బండను చూసి మన బండలెక్కుదామనుకునే కుర్రాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

సినిమాకు ఒకే నాయిక కావాలి, అది సినిమా అవసరం. ఆనంద్‌కే తెర మీద వాటా తగ్గింది. భువనగిరిలో బండ ఎక్కిన పిల్లలు వందమందికి పైగా. అందులోంచి కొందరు డార్జిలింగ్, ఇంకా కొందరు లడఖ్, చివరికి ఇద్దరు. పూర్ణ అక్కడితో ఆగలేదు, 2022లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అందుకు మనందరికీ గర్వమే. టీచర్లుగా మాకు మిగిలింది ఆ వందమంది లెక్క. వాళ్ళు తాడు ముడి వేయడం నేర్చుకున్నారు, భయం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఏమయ్యారో సినిమా చెప్పదు, చెప్పాల్సిన పని దానికి లేదు. కొండల మధ్య ఉన్న మన బళ్ళలో తాడు ముడి, ప్రథమ చికిత్స, దారి గుర్తులు నేర్పే ఒక్క పీరియడ్ లేకపోవడం మాత్రం సినిమా తప్పు కాదు. అది నేర్పితే రేపు వంజంగికి వచ్చేవాళ్ళకు దారి చూపేవాడు సంచి మోసే కూలీగా మిగలడు, గైడ్ అవుతాడు. కూలీ రేటు వేరు, గైడ్ రేటు వేరు.

ఈసారి సినిమా వేసినప్పుడు భువనగిరి ఘట్టం దగ్గర ఒక్కసారి ఆపండి. మీ ఊరి నుంచి సంతకు వెళ్ళే దారిలో ఎన్ని కొండలున్నాయి, మీ అవ్వ వాటిని ఏ పేరుతో పిలుస్తుందని పిల్లల్ని అడగండి. తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తయిన, సుమారు 1,680 మీటర్ల మన శిఖరం పేరే పుస్తకాల్లో ఒకచోట అర్మకొండ, ఒకచోట జిందగడ, ఇంకోచోట సీతమ్మ కొండ. పిల్లలు చెప్పే పేర్లు ఇంకా వేరుగా ఉండొచ్చు. బోర్డు మీద వాళ్ళ చేతే రాయించి, పక్కన ఏ భాషో కూడా రాయించి, ఆ తర్వాత మిగతా సినిమా వేయండి.