మగ్గపు మాటలు – గ్రంథాలయ బాధ్యత

గ్రంథాలయమును పాఠశాలయు కలసి పనిచేయవలెననువారు అట్టలపై బొమ్మలతికించు ప్రాజెక్టులతోనే తృప్తిపడుచున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశమున 1962లో వ్యవసాయ సంపుటము, 1971లో చేనేత సంపుటము వెలువడినవి. మహోపకారమే. కాని ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితము. గుడియాత్తము మగ్గము వెలుపలనే నిలిచినది.

నెమిలిలో నా తరగతియందు పడుగు, పేక అను మాటల కర్థమడిగితిని. అందరును మౌనము. ఒక బాలిక మాత్రము, "గుడియాత్తంలో నేసిన మా అవ్వని అడిగేదా సార్?" అనెను. 2006 తమిళ అధ్యయన చట్టము పిమ్మట తెలుగు ఐచ్ఛికమై మిగిలిన మన పిల్లలకు ఇంతకు మించిన ప్రాజెక్టేది? వారు అవ్వల మాటలు చీటీలకెక్కింపవలెను; ఊరి గ్రంథాలయము పదకోశమును తెప్పించి, సరిచూచిన చీటీలను భద్రపరుపవలెను. 1948 నాటి మదరాసు శాసనము విధించిన గ్రంథాలయ సుంకమును మనమును చెల్లించుచున్నాము గదా! ఆ అవ్వకు ఎనుబదియేండ్లు దాటినవి.