కర్సర్‌ను కదిపినవారే తిరిగి నిలపాలి

ముత్తుకూరు మండలంలోని రొయ్యల చెరువుల లెక్కలన్నీ ఒకే టెక్స్ట్ ఫైలులో ఉన్నాయనుకుందాం. ప్రతి వరుసా ఊరి పేరుతో మొదలవుతుంది. ఆ తరవాత చెరువు సంఖ్య, నీటి ఉప్పదనం, మేత. వేల వరుసల్లో ఒకే దిద్దుబాటు చెయ్యాలంటే చేత్తో తెమలదు. ఎడిటర్‌కు స్క్రిప్ట్ రాసి అప్పగించాలి. మనిషైతే కంటితో చూసి కర్సర్ పెడతాడు. స్క్రిప్ట్‌కు కళ్లు లేవు, చోటు అంకెల్లో చెప్పాలి. చిక్కంతా అక్కడే.

‘ముత్తుకూరు’ కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 10 సంకేతాలు: ‘త్తు’ ఒక్కదానిలోనే త, పొల్లు, మళ్లీ త, కొమ్ము ఉన్నాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 30. ఫైలు మొదట్లోనే ఈ పేరుంటే, ‘ము’ దాటి ‘త్తు’ దగ్గర ఆగమని విమ్ అనే ఎడిటర్‌కు చెప్పాలంటే బైట్ల లెక్కన 7 అనాలి. ఈమాక్స్ అనే మరో ఎడిటర్‌కు 3 అనాలి. వీఎస్ కోడ్ స్క్రిప్ట్‌లో సున్నా నుంచి లెక్క, కాబట్టి 2. మూడూ ఒకే చోటు! ఆ 7నే ఈమాక్స్‌కు ఇస్తే కర్సర్ ‘కూ’ ముందు తేలుతుంది. పొరపాటున 5 ఇచ్చి అక్కడ ఖాళీ చొప్పిస్తే ‘త్తు’ రెండుగా చీలుతుంది.

ఈ తేడాలకు చరిత్ర ఉంది. ఈమాక్స్ 1976లో ఎంఐటీలో టీకో అనే ఎడిటర్ మాక్రోలుగా పుట్టింది. దానికి స్థానమంటే రెండు సంకేతాల నడుమ సందు; 10 సంకేతాలకు 11 చోట్లు. దాదాపు అప్పుడే బిల్ జాయ్ బర్క్‌లీలో రాసిన వీఐలో, దాని వారసుడైన విమ్‌లో, ఆదేశాలిచ్చే వేళ కర్సర్ అక్షరం మీదే కూర్చుంటుంది.

స్క్రిప్టులు రాసేవాళ్లలో స్థిరపడిన పద్ధతులు మూడు. మొదటిది, లెక్కపెట్టకుండా వెతకడం. ఈమాక్స్‌లో సెర్చ్-ఫార్వర్డ్ దొరికిన మాట చివర కర్సర్‌ను నిలుపుతుంది. విమ్ సెర్చ్ ఫంక్షన్‌కు ‘ఎన్’ గుర్తు ఇస్తే కర్సర్‌ను కదపకుండానే మాట ఉన్న వరుస సంఖ్య చెబుతుంది.

రెండోది, అంకెను నమ్మకపోవడం. పైన ఒక మాట చేర్చగానే కింది అంకెలన్నీ తప్పుతాయి. ఈమాక్స్‌లోని మార్కర్ వలకు కట్టిన బెండులాంటిది: వల ఎటు కొట్టుకుపోతే బెండూ అటే. మార్కర్ లేని చోట దిద్దుబాట్లు ఫైలు చివరి నుంచి పైకి చేసుకురావాలి. అప్పుడు ఇంకా ముట్టని భాగం అంకెలు చెడవు.

మూడోది, కర్సర్‌ను తిరిగి నిలపడం. ఈమాక్స్‌లో సేవ్-ఎక్స్‌కర్షన్ మధ్యలో పాఠం పెరిగినా కర్సర్‌ను పాత మాట దగ్గరికే చేరుస్తుంది. విమ్‌లో విన్‌సేవ్‌వ్యూ తెర ఎంత జరిగిందో కూడా గుర్తుంచుకుంటుంది, కాని అంకెల్లోనే. పైన వరుసలు చేరితే ఆ సవరణ స్క్రిప్ట్ రాసినవారే చూసుకోవాలి. రాస్తున్నవాళ్ల ఆలోచన కర్సర్ దగ్గరే ఆగి ఉంటుంది. దాన్ని ఎక్కడో వదిలేసిన స్క్రిప్ట్, పని సరిగా చేసినా, వాళ్ల పని చెడగొట్టినట్టే.

2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒకే ముక్కగా లెక్కించే నియమం తెచ్చింది. పాత స్క్రిప్టులకు అది తెలియదు. ఇంగ్లిషు పాఠంతో పరీక్షిస్తే లోపం బయటపడదు, ఎందుకంటే అక్కడ బైటూ సంకేతమూ అక్షరమూ ఒకటే. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో 6 సంకేతాలు, 18 బైట్లు. దాన్ని చీల్చకుండా దాటగలిగాకే స్క్రిప్ట్‌కు అసలు ఫైలు అప్పగించాలి.