చెంపదెబ్బకు చప్పట్లు: తెలుగు సినిమాలో స్త్రీహింస, ప్రేక్షకస్పందన, రసాభాస చర్చ

2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ విడుదల కావడానికి ముందు హైదరాబాదులో ఆర్టీసీ బస్సుకు అంటించిన ఆ చిత్రం పోస్టరును కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు చించివేశారు. పోస్టరులో ఉన్నది నాయికానాయకుల ముద్దు. ఆ నెల 25వ తేదీన చిత్రం విడుదలయింది. అందులో నాయకుడు ఒక స్త్రీని కత్తి చూపి వివస్త్రను కమ్మని బెదిరిస్తాడు, నాయికను చెంపమీద కొడతాడు, గాజుగ్లాసు పగలగొట్టిన పనిమనిషిని వీధివెంట తరుముతాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ పోస్టరు రేపినంత బహిరంగ ఆగ్రహాన్ని రేపలేదు. పనిమనిషిని తరమడం హాస్యసన్నివేశంగా నిలిచింది. ఇద్దరు పాల్గొన్న ముద్దు అశ్లీలమై, ఒకరే కొట్టిన దెబ్బ ప్రణయతీవ్రతగా చెల్లుబాటు కావడం ఎలా సాధ్యమయిందన్న ప్రశ్న దగ్గర ఈ పరిశీలన మొదలవుతుంది.

సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం 2019లో హిందీలో ‘కబీర్ సింగ్’గా, తమిళంలో ‘ఆదిత్య వర్మ’గా పునర్నిర్మాణం పొందింది. 2023 డిసెంబరులో అదే దర్శకుని హిందీ చిత్రం ‘యానిమల్’ తెలుగు అనువాదంతో సహా విడుదలయింది. అందులో నాయకుడు ఒక స్త్రీని ప్రేమను నిరూపించుకొనడానికి తన బూటును నాకమంటాడు. ఇటువంటి చిత్రం ఘనవిజయం సాధించడమే ప్రమాదకరమని, చిత్రాలను హిట్ చేసే ప్రేక్షకుల బాధ్యత నిర్మాతల బాధ్యత కంటె తక్కువది కాదని కవి జావేద్ అఖ్తర్ 2024 ఆరంభంలో బహిరంగంగా అన్నారు. ఆ మాట చర్చను తెరమీదినుంచి కుర్చీల వైపు తిప్పింది. తెలుగు విమర్శ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా తెరవైపే చూస్తున్నది. కథ, పాత్ర, సంభాషణలు మంచివా చెడ్డవా అన్న చోటే ఆగుతున్నది. హాల్లో వినిపించే ఈల కూడా ఆ చిత్రపాఠంలో భాగమేనని గుర్తించినప్పుడు చర్చ మారుతుంది.

ముందుగా రెండు వాదాలను పక్కన పెట్టవలసి ఉంది. సినిమా చూసి పురుషులు స్త్రీలను కొడుతున్నారన్నది మొదటిది. ఒక చిత్రానికీ ఒక నేరానికీ సూటిగా ముడివేయడం సాహిత్యవిమర్శ చేయగల పని కాదు. చేయబూనితే అది పోలీసు నివేదిక అవుతుంది. కల్పితపాత్ర చేసే పనులకు కల్పననే నిందించడం రసజ్ఞత లేకపోవడమన్నది రెండవది. ఇది పైకి బలంగా కనిపిస్తుంది గాని, హింసను చూపడానికీ హింసను కీర్తించడానికీ గల భేదాన్ని కప్పిపుచ్చుతుంది. ఆ భేదాన్ని న్యాయస్థానం సైతం గుర్తించింది. శేఖర్ కపూర్ చిత్రం ‘బాండిట్ క్వీన్’ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, ఆ చిత్రంలోని అత్యాచార, వివస్త్ర దృశ్యాలు కామోద్రేకం కోసం కాక, బాధితురాలి పట్ల సానుభూతినీ దుర్మార్గుల పట్ల జుగుప్సనూ కలిగించడానికి ఉద్దేశించినవని భావించి ప్రదర్శనకు అడ్డు తొలగించింది. ఏం చూపారన్నది కాక, చూసినవారిలో ఏ భావం మేల్కొంటుందన్నది అక్కడ కొలమానమయింది. ఆలంకారికులు కొన్ని శతాబ్దాల కిందటే వాడిన కొలమానం అదే.

అలంకారశాస్త్రం ఈ విషయాన్ని రసాభాసమన్న పేరుతో చర్చించింది. రతి ఉభయనిష్ఠం కానప్పుడు, అంటే ఒకరియందే ఉండి రెండవవారి అంగీకారం లేనప్పుడు, అది శృంగారరసం కాదు, శృంగారాభాసం. సీత పట్ల రావణుని అనురక్తిని ఇందుకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. ఇక్కడ శాస్త్రకారులు నీతిబోధ చేయడం లేదు. అనౌచిత్యం రసభంగహేతువన్న ఆనందవర్ధనుని సిద్ధాంతం కావ్యానుభవానికి సంబంధించినది. సమ్మతి లేని చోట సహృదయుడు ఆశ్రయంతో తాదాత్మ్యం చెందలేడని, చెందితే అతని సహృదయత్వమే శంకనీయమని ఆ వాదానికి అర్థం. సాధారణీకరణం జరగాలంటే ఎవరి భావాన్ని సాధారణీకరిస్తున్నామన్న ప్రశ్న తప్పదు. 1975లో లారా మల్వీ సినిమాలో చూపు పురుషునిదై ఉంటుందని ప్రతిపాదించినప్పుడు, ఆమె మనోవిశ్లేషణ పరిభాషలో అడిగినది దీనికి దగ్గరి ప్రశ్నే. అయితే తెలుగు పరిశోధకుడు ఆ చర్చకు మల్వీ దగ్గరనుంచే బయలుదేరనక్కరలేదు. తిక్కన విరాటపర్వం చేతిలోనే ఉంది.

కీచకుని విరహాన్ని తిక్కన క్లుప్తంగా ముగించలేదు. సైరంధ్రిని చూచినది మొదలు అతని చాపల్యాన్ని, తాపాన్ని, ఆత్మవంచనను విస్తారంగా వర్ణించాడు. వర్ణనసామగ్రి యావత్తూ శృంగారకావ్యాలదే. మాటలు తీసి విడిగా చూస్తే ఏ ధీరలలితునికైనా సరిపోతాయి. అయినా చదువరి ఒక్క క్షణమైనా కీచకుని పక్కన కూర్చోడు. కారణం, ప్రతి పద్యానికీ ఎదురుగా ద్రౌపది నిరాకరణ నిలిచి ఉంటుంది. ఆమె ఏమనుకుంటున్నదో, ఎంత భయపడుతున్నదో, ఎవరిని తలచుకుంటున్నదో కవి మనకు చెబుతూనే ఉంటాడు. సుదేష్ణ మద్యం తెమ్మని పంపినప్పుడు ఆమె నడిచే దారి పొడవునా చదువరి ఆమెతోనే నడుస్తాడు. అందువల్ల కీచకుని అలంకారికభాష అంతా అతనిమీదికే తిరగబడుతుంది. ఎంత అందంగా మాట్లాడితే అంత రోత పుడుతుంది.

తర్వాత అతడు ఆమెను విరాటుని కొలువులోకి తరిమి, అందరూ చూస్తుండగా తన్నుతాడు. ఈ ఘట్టంలో కవి దృష్టి దెబ్బ మీద నిలిచినది స్వల్పం, సభ మీద నిలిచినది అధికం. విరాటుడు బావమరిదిని దండించలేడు. చెట్టువైపు చూచిన భీముణ్ణి ధర్మరాజు వారిస్తాడు. పైపెచ్చు కంకుభట్టు వేషంలో ఉన్న ఆ ధర్మరాజే, సభలో నర్తకిలా నిలిచావేమని ద్రౌపదినే మందలిస్తాడు. దెబ్బ తిన్న స్త్రీ ఆక్రోశం నాటకంగా కనిపించడం ఈనాటి విషయం కాదన్నమాట. దానికి ఆమె ఇచ్చిన సమాధానం, తన భర్తే నటుడనీ జూదరి అనీ చెప్పడం, ఆ నిందను విసిరినవాని మీదికే తిప్పికొట్టింది. తిక్కన రచనలో సభ పరీక్షకు నిలబడిన పాత్ర. సభాపర్వంలోనూ అంతే. ద్రౌపది వేసిన ప్రశ్నకు వికర్ణుడొకడు నోరు విప్పాడు, కర్ణుడు ఆ మాటను తోసిపుచ్చాడు. ధర్మసందేహం ఎదురైనప్పుడు మౌనం వహించిన సభ్యులకు పాపంలో వాటా ఉంటుందని వ్యాసభారతంలో విదురుడు హెచ్చరిస్తాడు. మౌనానికే వాటా ఉన్నప్పుడు చప్పట్లకు ఎంత అన్న లెక్క విదురుడు వేయలేదు. కౌరవుల నవ్వు అతనికి వినబడుతూనే ఉంది, వేరే లెక్క అక్కరలేదు.

‘అర్జున్ రెడ్డి’ని ఈ వెలుగులో చూడాలి. అది అల్పమైన చిత్రం కాదు. మద్యానికీ మత్తుమందులకూ లోబడిన వైద్యుని పతనాన్ని తెలుగు సినిమాకు అలవాటు లేని నిదానంతో, నిజాయితీతో చూపింది. నాయకుణ్ణి తీర్పుకు నిలబెట్టడం తెలియని చిత్రమూ కాదు. మద్యం సేవించి శస్త్రచికిత్స చేసినందుకు అతనిపై విచారణ జరుగుతుంది. మిత్రులు తప్పించే ప్రయత్నం చేసినా అతడే తప్పు ఒప్పుకుంటాడు. ఐదేళ్లపాటు లైసెన్సు కోల్పోతాడు. చిత్రంలో అత్యున్నతమైన నైతికసన్నివేశం అదే, ప్రేక్షకుడు అతణ్ణి గౌరవించడం మొదలుపెట్టేదీ అక్కడే. అంటే వృత్తిధర్మం విషయంలో ఈ కథాలోకానికి ఒక న్యాయస్థానం ఉంది. ప్రీతి విషయంలో మాత్రం ఏ న్యాయస్థానమూ లేదు. తరగతి గదిలో ఆమె తనదని ప్రకటించినప్పుడు, అనుమతి లేకుండా ముద్దు పెట్టినప్పుడు, ఇంటి ముందు కొట్టినప్పుడు విచారణ లేదు, ఒప్పుకోలు లేదు, కోల్పోయినదీ లేదు. తప్పును గుర్తించగల చిత్రం కొన్నిటిని మాత్రమే తప్పులుగా ఎంచుకున్నది. ఈల పుట్టే చోటు ఆ ఎంపికలోనే ఉంది. నేపథ్యసంగీతం, నాయకుని ముఖానికి దగ్గరగా వచ్చే కెమెరా, ప్రథమార్ధంలో దాదాపు మాటలే లేని నాయిక కలిసి ప్రేక్షకుణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో నిర్ణయించాయి. శాస్త్రభాషలో చెప్పాలంటే ఆశ్రయం సంపూర్ణంగా ఉంది, ఆలంబనానికి మనసు లేదు.

ఇది ఒక్క చిత్రంతో పుట్టినది కాదు. పొగరుబోతు స్త్రీని లొంగదీయడం తెలుగు తెరకు పాత వినోదం. ‘గుండమ్మ కథ’ (1962)లో గారాబంగా పెరిగిన సరోజ మెత్తబడడం కుటుంబహాస్యంలో ఇమిడిపోయింది. ‘ఘరానా మొగుడు’ (1992)లో నాయిక యజమానురాలు, నాయకుడు కార్మికుడు కావడంతో ఆమె గర్వభంగం వర్గవిజయంగా కనిపించి కేరింతలకు ఒక సాకు దొరికింది. ధనిక స్త్రీ ఓడిపోతే పేదవాడు గెలిచినట్లన్న ఈ సమీకరణాన్ని అభ్యుదయ విమర్శ కూడా చాలాకాలం పట్టించుకోలేదు. అర్జున్ రెడ్డికి ఆ సాకు కూడా లేదు. సంపన్నుడు, సీనియర్, కళాశాలలో ఎదురులేనివాడు.

అయితే తెలుగు సినిమాకు మరొక దారి తెలియకపోలేదు. కె. బాలచందర్ ‘ఇది కథ కాదు’ (1979)లో భార్యను హింసించే భర్త పాత్రను చిరంజీవి పోషించాడు. ఆ భర్తకు ఆకర్షణ ఉంది. కాని కథ జయసుధ పాత్ర మనసులోనుంచి నడవడంతో ఆ ఆకర్షణ భయంకరంగా మారింది. టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985)లో బహిరంగంగా అవమానం పొందిన అధ్యాపకురాలు తిరిగి కళాశాలకు వచ్చి, తరగతి గదిలో విద్యార్థుల ఎదుటనే నిలదీస్తూ పాడుతుంది. వేటూరి రచించిన ఆ పాట కౌరవసభను తరగతి గదిలోకి తెచ్చింది. బెంచీలమీది విద్యార్థుల వెనుక హాల్లోని ప్రేక్షకులు కూర్చుని ఉన్నారన్న సంగతి దర్శకునికి తెలుసు. 2017 నాటికి అదే తరగతి గదిలో పురుషుడు నిలబడి ఒక స్త్రీ మీద హక్కు ప్రకటిస్తే హాలు హర్షించింది.

ఇక సమర్థనలలో ఆలోచింపదగినది ఒకటి ఉంది. 2019లో ‘కబీర్ సింగ్’ మీద విమర్శలు వచ్చినప్పుడు దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో, గాఢంగా ప్రేమించుకున్నవారి మధ్య ఒకరినొకరు కొట్టే స్వేచ్ఛ కూడా లేకపోతే అక్కడ ఉద్వేగమే ఉండదన్న అర్థంలో మాట్లాడాడు. నాయిక కూడా నాయకుణ్ణి కొడుతుంది కదా అని గుర్తుచేశాడు. తెలుగు సాహిత్యం తెలిసినవారికి దీనికి మరింత గట్టి ఆధారం స్ఫురిస్తుంది. ముక్కు తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ ఎడమకాలితో శ్రీకృష్ణుని శిరస్సును తన్నింది. ప్రణయంలో దెబ్బకు తెలుగులో ఇంతకంటె ప్రసిద్ధమైన ఉదాహరణ లేదు, దానిని చదివి ఆనందించని తరమూ లేదు. మరి చెంపదెబ్బను మాత్రం కాదనడం ఎందుకు?

తిమ్మన ఘట్టంలో దెబ్బ పడిన శిరస్సు ఎవరిదో చూడాలి. సమస్తాధికారమూ కృష్ణునిది. పదారువేల మంది భార్యలలో పారిజాతం ఎవరికివ్వాలో నిర్ణయించినది అతడే. అవమానం పొందినది సత్య. ఆమె కోపానికి కారణాన్ని నారదుడు రుక్మిణి ఇంట పువ్వు ఇచ్చిన నాటినుంచి చదువరి ఎరుగును. తన్నిన మరుక్షణం నాయకుడు ఆగ్రహించకపోవడంలో, ఆమె పాదానికి నొప్పి కలిగిందేమోనని అనునయించడంలో శృంగారం పండింది. బలవంతుడు తల వంచడంవల్ల పుట్టిన రసమది. దానిని తలకిందులు చేసి, బలవంతుడు బలహీనురాలిని కొట్టే సన్నివేశానికి ఆధారంగా చూపితే ఆకారం మిగులుతుంది గాని రసం మిగలదు. ‘ఇద్దరూ కొట్టుకున్నారు’ అన్న లెక్క దెబ్బలను లెక్కపెడుతుంది, ఎవరు ఎవరికి ఏమి చేయగలరన్నది లెక్కపెట్టదు.

గిరీశాన్ని కూడా ఇక్కడ తలచుకోక తప్పదు. అతడు మోసగాడని తెలిసీ తెలుగు ప్రేక్షకులు నూరేళ్లకు పైగా అతణ్ణి ప్రేమిస్తున్నారు. కాని గురజాడ అతని వాక్చాతుర్యానికి నవ్వించి, చివర సౌజన్యారావు ముందు నిలబెట్టాడు. బుచ్చమ్మను అతనికి బహుమానంగా ఇవ్వలేదు. ‘అర్జున్ రెడ్డి’ ముగింపులో ప్రీతి గర్భవతిగా తిరిగి దొరుకుతుంది. మధ్యకాలంలో భర్త తనను తాకలేదని చెబుతుంది, బిడ్డ నాయకునిదే అవుతుంది. అతడు అడగవలసినదంతా అడగకుండానే అతనికి చేరుతుంది.

ప్రేక్షకులను నిందించి ఊరుకోవడం కూడా సరికాదు. ఈల వేసినవారిలో స్త్రీలూ ఉన్నారు. మధ్యతరగతి ఇళ్లలో చెప్పుకోలేని ప్రేమావేశానికి ఆ చిత్రం ఒక గొంతు ఇచ్చిందన్న వారి అనుభవం అబద్ధం కాదు. ఆ గొంతు ఎవరి నోట పలికిందన్నది వేరే సంగతి. నిషేధం, కత్తెర ఈ పని చేయలేవు. స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండరాదన్న నిబంధన 1991 నాటి ధ్రువీకరణ మార్గదర్శకాలలో ఉన్నా, దృశ్యాన్ని తొలగించగలదు గాని దృక్కోణాన్ని కత్తిరించలేదు. అయితే ప్రేక్షకుని హర్షం ప్రశ్నకు అతీతమని అంగీకరిస్తే ‘సహృదయుడు’ అన్న మాటను విమర్శ వదులుకోవలసి వస్తుంది. హృదయసంవాదానికి తెరమీద రెండు హృదయాలుండాలి. ఒకటి మూతపడి ఉన్నా గమనించకుండా మోగే చప్పట్లు రసానుభూతికి గుర్తు కావు.

తిక్కన కథనంలో కొలువులో దెబ్బ తిన్న ద్రౌపదికి ఆ తర్వాత ఒక రాత్రి ఉంది. విరాటుని కొలువు న్యాయం చేయలేదని తెలిశాక ఆమె వంటశాలకు వెళ్లి నిద్రలో ఉన్న భీముణ్ణి లేపుతుంది. పడిన కష్టమంతా చెప్పుకుంటుంది. కవి ఆ సంభాషణను తొందరపెట్టలేదు. ‘అర్జున్ రెడ్డి’లో ప్రీతిని ఆమె ఇంటి ముందు కొట్టి, నిర్ణయానికి ఆరు గంటల గడువిచ్చి నాయకుడు వెళ్లిపోతాడు. మత్తు ఇంజెక్షన్ తీసుకుని రెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉంటాడు. కెమెరా అతని దగ్గరే ఉండిపోతుంది. ఆ రెండు రోజుల్లో ప్రీతి ఇంట్లో ఏం జరిగిందో, ఇష్టం లేని పెళ్లికి ఆమెను ఎలా ఒప్పించారో, దెబ్బ పడిన చెంపతో ఆ రాత్రి ఆమె ఎవరితో ఏం మాట్లాడిందో మూడు గంటల చిత్రంలో ఒక్క సన్నివేశమైనా లేదు.