అపర్ణ: ఒక పేరు పుట్టుక, కావ్యార్థం

'అపర్ణ' మన ఇళ్లలో తరచుగా వినిపించే పేరు. అర్థం అడిగితే 'పార్వతి' అంటారు. ఈ జవాబు తప్పు కాదు, కాని చాలదు. పార్వతికి ఇన్ని పేర్లుండగా ఈ పేరు ఎందుకు వచ్చిందో అది చెప్పదు.

మెదక్ పట్టణానికి చేరువలోని కొల్చారం, వ్యాఖ్యాత మల్లినాథసూరి ఊరుగా ప్రసిద్ధం. కాళిదాసు 'కుమారసంభవా'నికి ఆయన 'సంజీవని' వ్యాఖ్య రాశాడు. ఆధారం లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు అన్నది ఆయన నియమం. అదే నియమంతో ఈ పేరును పరిశీలిద్దాం.

పదనిర్మాణం

పర్ణం అంటే ఆకు. 'పర్ణములు లేనిది' అపర్ణ. ఇది నఞ్ బహువ్రీహి. ఇంతవరకే చూస్తే ఆకులు రాలిన చెట్టుకూ ఈ పేరు సరిపోతుంది. ఆడపిల్లకు ఎందుకు పెట్టారో తెలియాలంటే కథలోకి వెళ్లాలి.

మూడు పేర్లు, మూడు దశలు

కుమారసంభవం మొదటి సర్గలో, పర్వతరాజు కూతురు కనుక బంధువులు ఆమెను పార్వతి అని పిలిచారు. తపస్సు చేయబోతే తల్లి మేన 'ఉ' (ఓ తల్లీ), 'మా' (వద్దు) అని వారించింది. అందువల్ల ఉమ అయింది. ఐదో సర్గలో, వాటంతట అవే రాలిన ఆకులు తిని బతకడం తపస్సుకు పరాకాష్ఠ అంటాడు కవి. ఆమె వాటినీ విడిచింది. అందుకే పూర్వగాథలు తెలిసినవారు అపర్ణ అన్నారు.

మొదటి పేరు పుట్టుకతో వచ్చింది. రెండోది తల్లి భయం నుంచి వచ్చింది. మూడోది మాత్రమే ఆమె చేసిన పని వల్ల వచ్చింది.

కవి చేసిన మార్పు

హరివంశంలో ఈ కథ వేరుగా ఉంది. అక్కడ మేనకు అపర్ణ, ఏకపర్ణ, ఏకపాటల అని ముగ్గురు కూతుళ్లు. అపర్ణ నిరాహారంగా తపస్సు చేస్తుంటే తల్లి 'ఉ, మా' అంటుంది. అంటే అక్కడ తపస్సు తరువాత వారింపు. కాళిదాసులో వారింపు ముందు, తపస్సు తరువాత. క్రమం మారడంతో అర్థమూ మారింది: తల్లి మాట కథకు ముగింపు కాలేదు, ఆమె దాటిన గడప అయింది.

అయితే దీన్ని తిరుగుబాటుగా చదవడం తొందరపాటు. ఆమె చెలికత్తె ద్వారా తండ్రి అనుమతి అడిగింది. తపస్సు లక్ష్యం శివుణ్ణి భర్తగా పొందడమే. కాని మన్మథుడు దహనమయ్యాక అందం పనికిరాదని గ్రహించి, తన శ్రమనే నమ్ముకుంది. ఈ పేరులోని గౌరవం అక్కడుంది.

ఒక జాగ్రత్త

ఉమ శబ్దానికి కవి చెప్పిన వ్యుత్పత్తిని భాషాచరిత్రగా తీసుకోకండి. కేనోపనిషత్తులోనే ఉమా హైమవతి కనిపిస్తుంది. సంస్కృతంలో ఉమ అంటే అవిసె అనే అర్థమూ ఉంది. కావ్యంలోని నిర్వచనం పదం ఎక్కడ పుట్టిందో చెప్పదు, పాత్ర ఎలా ఎదిగిందో చెబుతుంది. ఈ భేదం తెలిస్తే, 'ఆకులు లేనిది' అనే పొడి అర్థానికీ, 'ఆకునైనా ఆశించనిది' అనే కావ్యార్థానికీ మధ్య దూరం మీకు అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

హరివంశ కథాక్రమాన్ని కాళిదాసు మార్చడం వల్ల 'అపర్ణ' అనే పేరుకు కలిగిన విశేషార్థాన్ని పది వాక్యాలలో వివరించండి.