జరగనిదాన్ని చెప్పే క్రియ

తెలుగు మాతృభాషగా గలవారు స్పానిష్ అభ్యసించేటప్పుడు అసలు చిక్కు క్రియల పట్టికలో ఉండదు. జరగనిదాన్ని, జరిగితే బాగుండుననుకున్నదాన్ని వాక్యంలో ఏ చోట తెలపాలన్న దగ్గర ఉంటుంది. అందుకు స్పానిష్ వాడే భూతకాల సంభావనార్థకం, అంటే ఊహను తెలిపే క్రియారూపం, కట్టడానికి సులువే: 'మాట్లాడారు' అని అర్థమిచ్చే 'అబ్లారోన్'లో చివరి 'రోన్' తీసి 'రా' చేరిస్తే 'అబ్లారా', 'తిన్నారు' అనే 'కోమియెరోన్' నుంచి అదే విధంగా 'కోమియెరా' ఏర్పడతాయి, కర్త 'నువ్వు' అయితే 'రాస్', 'మనం' అయితే 'రామోస్', 'వాళ్ళు' అయితే 'రాన్' వస్తాయి. 'రా'కు బదులు 'సే' చేరే మరో వరుస ఉన్నా, లాటిన్ అమెరికా సంభాషణలో 'రా'దే పైచేయి.

తెలుగులో షరతును తెలిపే '-తే' రూపానికి, అంటే చేదర్థకానికి, కర్తతో పనిలేదు. నేనైనా వాళ్ళైనా 'మాట్లాడితే' అనే అంటారు. జరిగేదో జరగనిదో తేల్చేది చివరి క్రియ. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కూలిన కొబ్బరిచెట్లను తలచుకుని 'ఆ చెట్లు ఏటా కాసేవి' అంటే అది నిజంగా దింపుకున్న కాపు. 'తుఫాను రాకపోతే ఆ చెట్లు ఇప్పటికీ కాసేవి' అంటే చేతికందని కాపు. పూర్వపు అలవాటును చెప్పే 'కాసేవి' ఒక్క అక్షరమైనా మారకుండా దక్కనిదాన్ని కూడా చెప్పగలగడం తెలుగు క్రియకున్న గొప్ప శక్తి, దీనికి మన పాఠ్యపుస్తకాలలో ఇంకా ఎక్కువ చోటు దక్కాలి.

స్పానిష్ చివరిదాకా ఆగదు. 'సి అబ్లా' అంటే అతను మాట్లాడితే, మాట్లాడవచ్చు కూడా. 'సి అబ్లారా' అంటే మాట్లాడడన్న తలంపుతోనే 'మాట్లాడితే' అనడం. తెలుగు అభ్యాసకుడు తన '-తే'కు అలవాటుపడి మొదటి రూపంతోనే సరిపెట్టి, ఊహనంతా చివరి క్రియకు వదిలేస్తాడు. కనుక ముందుగా తెలుగు వాక్యాన్ని పూర్తిగా అనుకుని, చివర 'కాసేవి' వంటి మాట వచ్చిందో లేదో చూసుకుని, ఆ తరువాతే 'సి' మొదలుపెట్టడం మంచి సాధన.

కోరికను తెలిపేటప్పుడు ఈ తేడా మరీ స్పష్టం: అరబ్బీ నుంచి వచ్చిన 'ఓహలా' వాక్యానికి ముందు నిలిచి 'ఓహలా అబ్లారా' అనిపిస్తే, అమలాపురం, రాజోలు వైపు అదే కోరిక 'మాట్లాడితే బాగుణ్ణు' అని చిట్టచివరి మాటలో బయటపడుతుంది.