ముందు రొదను కొలవాలి

హామ్ రేడియో మొదలుపెట్టాలని వచ్చే కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ‘ఎన్ని వాట్లు కావాలన్నా?’ అని. మీ ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు ఎన్ని, బోరు మోటారు స్టార్టరు ఎంత దూరంలో ఉంది, మేడ మీద సోలార్ ఇన్వర్టర్ ఉందా అని నేను ఎదురు అడుగుతాను. బలహీనమైన సిగ్నళ్లతో పనిచేసే డిజిటల్ మోడ్‌లలో వాట్ల లెక్క చివర్న వస్తుంది. మొదటి లెక్క మన చుట్టూ ఉన్న రొదది.

ఈ మాట చెప్పడానికి మా ఊరు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్‌ను మించిన చోటు లేదు. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ ఇక్కడి గనుల పేరెత్తితే అందరికీ బంగారమే గుర్తొస్తుంది. 1960ల తొలినాళ్లలో మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి అనే ముగ్గురు ఈ గనుల్లో కాస్మిక్ కిరణాల నుంచి వచ్చే మ్యువాన్ కణాలను లెక్కపెట్టారు. లోతుకు పోయేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. దాదాపు రెండు ముప్పావు కిలోమీటర్ల లోతున వారాల తరబడి పరికరాలు పెట్టి కూర్చున్నా ఒక్క కణమూ తగల్లేదు. ఇంకొకరైతే శ్రమ వృథా అయిందనుకునేవారే. కానీ అక్కడ అంత నిశ్శబ్దంగా ఉందంటే, భూమిని దూసుకుపోయే న్యూట్రినోల జాడను అక్కడే పట్టవచ్చని ఆ ఫలితం చెప్పింది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ యూనివర్సిటీ, డర్హమ్ యూనివర్సిటీ కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున ఆ పని చేసి చూపించాయి. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికిందని అదే ఏడాది ప్రకటించాయి. వాళ్లు ముందు రొదను కొలిచారు, ఆ తర్వాతే సిగ్నల్ కోసం వెతికారు. నాకు ఈ విద్యలో ఇంతకు మించిన పాఠం దొరకలేదు.

నేల మీద కూడా ఇలాంటి పనే ఒకటి జరిగింది. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా విడిపోయేదాకా గౌరీబిదనూరు మన కోలారు జిల్లాలోనే ఉండేది. అక్కడ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి వెయ్యి డైపోల్‌లను ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో పరిచాయి. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు ఉన్న ఆ యాంటెనాతో 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని విన్నారు, పల్సార్‌లనూ విన్నారు. మన పది మీటర్ల హామ్ బ్యాండ్ 29.7 మెగాహెర్ట్జ్‌తో ముగుస్తుంది, అంటే వాళ్లు విన్నది మన పక్క వీధిలోనే.

పల్సార్‌లతో ఈ హాబీకి చుట్టరికం ఉంది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంటలో పల్సార్‌ను 1974లో కనిపెట్టి, 1993లో రసెల్ హల్స్‌తో కలిసి నోబెల్ అందుకున్న జో టేలర్ స్వయంగా హామ్. ఆయన కాల్‌సైన్ కె1జేటీ. రొదలో కూరుకుపోయిన సిగ్నల్‌ను లెక్కలతో బయటికి లాగే నేర్పును ఆయన హామ్‌లకు పంచిపెట్టారు. 2008లో విస్పర్ అనే డిజిటల్ మోడ్ వచ్చింది. 2017లో స్టీవ్ ఫ్రాంకీతో కలిసి ఎఫ్‌టీ8 తెచ్చారు.

ఎఫ్‌టీ8లో ఒక సందేశం అంటే 77 బిట్లు. రెండు కాల్‌సైన్‌లు, ఒక గ్రిడ్ (భూపటం మీద మన గడి పేరు) లేదా సిగ్నల్ రిపోర్టు, మామూలుగా అంతే. తీరిగ్గా కబుర్లు చెప్పడానికి చోటు చాలదు. ఆ 77కి మరో 97 బిట్లు కాపలాగా చేర్చి పంపుతారు, దారిలో కొన్ని చెడిపోయినా మిగిలినవాటి నుంచి మొత్తం రాబట్టడానికి. ఎనిమిది స్వరాలు, స్వరానికీ స్వరానికీ మధ్య 6.25 హెర్ట్జ్, మొత్తం వెడల్పు 50 హెర్ట్జ్. పదిహేను సెకన్ల వంతులో 12.64 సెకన్లు ప్రసారం సాగుతుంది. అందులో మూడు చోట్ల ముందే తెలిసిన ఏడేసి స్వరాల వరస ఉంటుంది. తిరునాళ్ల గోలలో ఎవరేం మాట్లాడుతున్నారో తెలియకపోయినా మన పేరు పెట్టి పిలిస్తే చటుక్కున తల తిప్పుతాం కదా, సాఫ్ట్‌వేర్ ఆ వరసను అలాగే గుర్తుపడుతుంది. స్క్రీన్ మీద మైనస్ 21 డెసిబెల్స్ అని కనిపిస్తే సిగ్నల్ రొద కంటే నూరు రెట్లకు పైగా బలహీనమని అర్థం. అయితే అది 2500 హెర్ట్జ్ వెడల్పు రొదతో పోల్చి చెప్పే అంకె. సిగ్నల్ కూర్చున్న 50 హెర్ట్జ్‌లో రొద అందులో యాభయ్యో వంతే. ఇందులో మంత్రమేమీ లేదు, వినాల్సిన సందును ఇరుకు చేసుకోవడమే ఉంది.

ఇక బల్ల మీదికి వద్దాం. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో యాంటెనా నుంచి వచ్చినదాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అప్పగిస్తుంది. ట్యూనింగ్, ఫిల్టర్ చాలావరకు అక్కడే జరుగుతాయి. నా దగ్గరున్నది టీవీ ట్యూనర్ల కోసం తయారైన చిప్పుతో వచ్చే డాంగిల్, షార్ట్‌వేవ్ వినడానికి అప్‌కన్వర్టర్ తోడుగా. దానికున్నది ఎనిమిది బిట్లే, అంటే 256 మెట్లు. బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ ప్రసారం లాంటి గట్టి గొంతు లోపలికొస్తే మెట్లన్నీ అదే ఆక్రమిస్తుంది, మనకు కావలసినదానికి చోటు మిగలదు. అందుకే యాంటెనాకూ డాంగిల్‌కూ మధ్య మీడియం వేవ్‌ను ఆపే ఫిల్టర్ ఉండాలి. గెయిన్ ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి నేను చేసేది ఒక్కటే. యాంటెనా పీకి, మళ్లీ తగిలిస్తాను. తగిలించినప్పుడు సిగ్నళ్లను రంగుల్లో చూపే వాటర్‌ఫాల్‌లో రొద కాస్త పైకి లేస్తే చాలు, గెయిన్‌ను అక్కడే వదిలేస్తాను. చెవికి ఇంపు కోసం పెట్టిన నాయిస్ రిడక్షన్‌నూ, గెయిన్‌ను తనంతట తానే మార్చే ఏజీసీనీ ఆపేయాలి. ఇక్కడ వినేది మన చెవి కాదు, దాని కోసం సింగారించినదంతా డీకోడర్‌కు అడ్డమే.

ఎఫ్‌టీ8 వినడానికి 14.074 మెగాహెర్ట్జ్, అప్పర్ సైడ్‌బ్యాండ్. అక్కడి నుంచి శబ్దాన్ని వర్చువల్ ఆడియో కేబుల్ గుండా డీకోడర్ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌కు పంపాలి. కంప్యూటర్ గడియారం సెకను కూడా తేడా లేకుండా ఉండాలి, వంతులన్నీ దాని మీదే నడుస్తాయి. డాంగిల్‌ను ముందుగా అరగంట వేడెక్కనివ్వండి. స్థిరంగా ఉన్న తేడాను సాఫ్ట్‌వేర్ భరిస్తుంది, మెల్లగా జారే తేడా దాన్ని ఇబ్బంది పెడుతుంది. ఆరు హెర్ట్జ్ వెడల్పుతో రెండు నిమిషాల వంతుల్లో నడిచే విస్పర్‌కైతే అది మరీ ముఖ్యం.

ఇవన్నీ ఒక పూటలో అయ్యే పనులు. రొద వేటకు మాత్రం ఓపిక కావాలి. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపేసి వాటర్‌ఫాల్ చూడండి. తెర మీద పసుపు మబ్బు పలచబడి నీలం తేలుతుంది, అప్పటిదాకా లేని గీతలు పైకొస్తాయి. తర్వాత స్విచ్చులు ఒక్కొక్కటే వేస్తూ పోతే దొంగ దొరుకుతుంది. చాలాసార్లు అది చవక అడాప్టరే. కార్మికుల కోసం కట్టిన మా లైన్ ఇళ్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటుంది కాబట్టి దొంగ పక్కింట్లో కూడా ఉండవచ్చు. మా పక్కింటి అక్కకు సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ మంచిది కొనిచ్చాను. ‘నా టీవీకీ నీ తీగకూ ఏం సంబంధం తమ్ముడూ’ అంటూనే తీసుకుంది. నా యాంటెనాకు అంతకంటే మంచి మరమ్మతు ఇంకేదీ జరగలేదు. కోయాక్స్ కేబుల్‌ను ఫెర్రైట్ రింగు మీద కొన్ని చుట్లు తిప్పితే ఇంకొంత తగ్గుతుంది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు మాది. అయినా వీధంతా కరెంటు పోయిన సాయంత్రమే నాకు యూరప్ బాగా వినిపిస్తుంది.

విన్నదాని పక్కన గ్రిడ్ కనిపిస్తుంది. మాది ఎంకే92. 13 డిగ్రీల అక్షాంశం మాకూ కోలారు పట్టణానికీ మధ్యగా పోతుంది కాబట్టి కోలారు, ముళబాగిలు ఎంకే93లో పడతాయి. కుప్పం మాత్రం మా గడిలోనే ఉంది. రాష్ట్రం వేరైనా జపాన్ వాడి తెర మీద మేమిద్దరం ఒకటే.

ఇంతవరకూ వినడమే. పంపాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ రావక్కర్లేదు, పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయవచ్చు. మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసి రాత్రికి తిరిగొచ్చే పిల్లలు మా ఊళ్లో ఎందరో ఉన్నారు. ఈ రేడియోలో మూడొంతులు వాళ్లకు వచ్చిన పనే. మిగిలిన ఒక వంతు మేడ మీద కట్టాల్సిన పది మీటర్ల తీగ. ఆదివారం ఎవరైనా వస్తే ఆ తీగ కట్టడానికి నేను నిచ్చెన పట్టుకుంటాను.